టవలు కింద రిమోటు

అలా కాదే మనవరాలా, పైన "మా తాతగారు చెప్పగా రాసినది" అని పెట్టకు. నేనేం పురాణం చెప్పడం లేదు. ఊరికే మొదలుపెట్టు. నేను మాట వెతుక్కుంటుంటే నువ్వు నీ మాట అందించకు. మొన్న కరెంటాఫీసుకి అర్జీ రాసినప్పుడు అదే చేశావు. చదివించుకుంటే ఎవరో పెద్దాఫీసరు నా బదులు మాట్లాడినట్టుంది. నేను నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నా మాట నాలాగే ఉండాలి. నిదానంగా చెబుతాను. మీ నానమ్మ అంటుందిగా, ఈయన ఒక మాట పూర్తిచేసేలోపు పాలు పొంగి, చల్లారి, పెరుగు కూడా తోడుకుంటుందని. తోడుకోనీ.

చెప్పాల్సింది ట్యాంకు గురించి. నీళ్ళ ట్యాంకు కాదు, యుద్ధం ట్యాంకు. అదీ అసలుది కాదు, ప్లాస్టిక్ బొమ్మ. ఆ బొమ్మతో నేను చేసిన పని తలుచుకుంటే నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగుతోంది.

నువ్వు ట్యాంకు తాత అంటావే, ఆయన మీ నానమ్మకి అన్న, నాకు బావ. సైన్యంలో ట్యాంకు నడిపాడు. పైన తల బయటపెట్టి నిలబడే ఆయన వేరు. బావ కింద, ముందు గుంటలో ముడుచుకుని కూచునేవాడు. స్టీరింగు ఉండదట. రెండు ఇనప లివర్లు ఉంటాయట. ఎడమది లాగితే ఎడమ చక్రాల చుట్టూ తిరిగే పట్టా ఆగి బండి ఎడమకి తిరుగుతుంది, కుడిది లాగితే కుడికి, రెండూ లాగితే ఆగిపోతుంది. ఇదంతా నాకు ఎప్పుడు చెప్పాడనుకున్నావు? పెళ్ళి మాటల కోసం వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు. పిల్ల కనిపించకముందే ట్యాంకు మొత్తం చూపించేశాడు. చివర్లో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"నువ్వేం చేస్తావోయ్?"

"కుట్టుమిషన్లు బాగుచేస్తానండీ."

"ఓహో. సూది గుచ్చే బండా."

అంతే. ఆ పూట నుంచి నా పేరు సూది. ఏవోయ్ సూదీ, ఇలా రావోయ్ సూదీ. నా కొడుకు పుడితే "దారం పుట్టిందటగా" అన్నాడు. అంటే మీ నాన్న. నేనూ తక్కువ తినలేదులే. "యుద్ధానికి పొమ్మంటే నువ్వు సందులో బండి తిప్పుకుంటూ కూచున్నావట" అనేవాణ్ణి. బావా బావా అనుకుంటూ ఒకళ్ళనొకళ్ళు పొడుచుకోవడం మాకు అన్నం తిన్నంత మామూలు. కానీ లోపల నాకొక ముల్లు ఉండేది. అది ఇవాళ చెప్పకపోతే ఈ రాయించడం దండగ. అంత బరువైన బండిని లాగిన చేతుల ముందు నా చేతులు చిన్నబోయేవి. నేను జీవితమంతా సూది దిగేంత దూరమే బండి నడిపాను.

ఇక పెట్టె సంగతి. బావ రిటైరైనప్పుడు ఆయన బండిలో పనిచేసినవాళ్ళు ఒక అట్టపెట్టె ఇచ్చారు. ఆయన నడిపిన ట్యాంకే, బొమ్మగా, ముక్కలు ముక్కలుగా ఉంది లోపల. కత్తిరించుకుని, అరగదీసుకుని, అతికించుకోవాలి. "తీరిగ్గా కడతా" అని అటక మీద పెట్టాడు. తీరిక వచ్చేసరికి చేతుల్లో వణుకు వచ్చింది. టీ గ్లాసు ఎత్తితే సగం చొక్కా తాగుతుంది. ఆ జోకు ఆయనదే, నాది కాదు. ఈ మధ్య వాళ్ళమ్మాయి ఇంట్లో గచ్చు పగలగొట్టి కొత్తది వేయిస్తున్నారని మనింట్లో ఉండటానికి వచ్చాడు కదా. ఒక చేతిలో సూట్‌కేసు, చంకలో ఆ పెట్టె.

"సూదీ, నాకు పెట్టె ఉంది, నీకు చేతులున్నాయి. కట్టు."

"కడతాలే బావా. అద్దాల బీరువాలో పెట్టుకుందువుగాని."

"బీరువాలో పెట్టుకోడానికి అదేమన్నా పింగాణీ బాతా? నడవాలి. నేను నడపాలి."

ఆ బొమ్మ నడవడానికి పుట్టింది కాదమ్మా. చక్రాలు ఇరుసుకి అతికించెయ్యమని కాగితంలో బొమ్మ వేసుంది. నడవాలంటే ప్రతి చక్రం వదులుగా తిరగాలి. బెజ్జాలు తొలిచి, ఇత్తడి గొట్టం ముక్కలు కోసి వేశాను. వెనకాల పళ్ళ చక్రాలు రెండు ఉంటాయి, పట్టాని లాగేవి అవే. వాటికి చెరో చిన్న మోటారు. ఆ మోటార్లూ, వాటికి కరెంటు పంచే పలకా, గాల్లోంచి మాట వినే చిన్న డబ్బా, బ్యాటరీ, రిమోటు, ఇవన్నీ నువ్వే ఫోన్లో వెతికి తెప్పించావు. మొదటి రిమోటులో వేలితో తోసే పుల్ల ఒకటి సరిగ్గా పనిచెయ్యలేదని మళ్ళీ తెప్పించావు గుర్తుందా? పాతది వెనక్కి పంపుదామని పంపలేదు. అచ్చం ఒకేలా ఉండే రిమోట్లు రెండు ఇంట్లో ఉండిపోయాయి. అక్కడే శని కూచున్నాడు.

పట్టాలు ఒక్కో ముక్కా జిగురుతో అంటించమన్నారు. అంటిస్తే ఎలా తిరుగుతుంది? ప్రతి ముక్కకీ బెజ్జం పెట్టి సన్నటి తీగ గుచ్చాను. బండి మరీ తేలిక, నున్నటి గచ్చు మీద పట్టా తిరుగుతోంది గానీ బండి కదలదు. లోపల ఇనప బాబిన్లు పేర్చాను, బరువు వచ్చింది. పై భాగం మాత్రం అంటించలేదు, బ్యాటరీ తియ్యాలిగా, నాలుగు మరలు పెట్టాను. అంతా బాగానే ఉంది గానీ మిషను వాడికి నూనెడబ్బా కనిపిస్తే చెయ్యి ఆగదు కదా. ఇరుసులన్నిటికీ తలో చుక్కా మిషను నూనె వేశాను. తెల్లారి చూస్తే చక్రాల్ని బండికి పట్టి ఉంచే చేతులు రెండు చిట్లిపోయాయి. ఆ ప్లాస్టిక్‌కి నూనె పడదట.

బావ నవ్వాడు చూడు! "శత్రువులు ఎంత కాల్చినా చెక్కుచెదరని బండిని మా బావ ఒక్క చుక్క నూనెతో పడగొట్టాడే!" అని మీ నానమ్మని పిలిచి మరీ చెప్పాడు. ఆ చేతులు మళ్ళీ ఇత్తడి రేకుతో చేశాను.

నేను పనిచేస్తున్నంతసేపూ ఆయన ఎదురుగా కుర్చీలో కూచునేవాడు. ఎలా కూచునేవాడో నువ్వు గమనించావో లేదో. తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూచునేవాడు. బడిలో అల్లరి పిల్లల్ని కూచోబెట్టినట్టు. నేను చూడనట్టే ఉండేవాణ్ణి.

బండి తయారైంది. మొదటిసారి రిమోటు ఆయన చేతికిచ్చాను. రిమోటులో రెండు చిన్న పుల్లలుంటాయి, ఎడమది ఎడమ పట్టాకి, కుడిది కుడి పట్టాకి. ముందుకు తోస్తే నడుస్తుంది, వదిలేస్తే ఆగుతుంది. ఆయన లివర్లలాగే ఉంటుందని నేనే అలా కలిపాను. బావ బొటనవేళ్ళు పుల్లల మీద పెట్టాడు. బండి గింజలేరుకునే కోడిలాగా టకటకా ముందుకీ వెనక్కీ కొట్టుకుంది. ఒక్కసారి ఉరికి కుర్చీ కాలికి గుద్దుకుంది, ఫిరంగి గొట్టం విరిగింది.

"ఇదేం నడపడం? వేలితో కదుపుతారా బండిని ఎవరన్నా? భుజంతో లాగాలి" అన్నాడు.

చేతకానివాడికి ఆయుధాల మీద వంక అని మనసులో అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గానీ, అనుకున్నాను. రాయి. అనుకున్నాననే రాయి.

ఆయన రిమోటు నా చేతిలో పెట్టి, "గొట్టం అతికించు సూదీ. నడిచిందిగా, చాల్లే" అని మళ్ళీ తన చేతుల మీద కూచున్నాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. గన్నరు ఫోన్ చేశాడు. గన్నరంటే ఆ ట్యాంకులో ఫిరంగి పేల్చినాయన, బావకి వెనకే కూచునేవాడు. పక్క వీధిలో ఉన్నా ఫోన్ అక్కర్లేని గొంతు. ఫిరంగి పక్కన కూచుని కూచుని ఎడమ చెవి పోయింది, అందుకని అందరూ చెవిటివాళ్ళే అన్నట్టు మాట్లాడతాడు. "ఆదివారం వస్తున్నా, కొన్నాళ్ళు నీ దగ్గరే ఉంటా" అన్నాడు. బావ సంతోషం పట్టలేక, "రా రా, మన బండి మళ్ళీ నడుస్తోందిరా, నీ ముందు నడిపి చూపిస్తా" అనేశాడు. ఫోన్ పెట్టేశాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. తెలిసి, నా వంక చూశాడు.

"ఏదో ఒకటి చెప్పి తప్పించు సూదీ. బండి పాడైందని చెప్పు. ఎవరి ముందైనా సరే గానీ, వాడి ముందు కాదు."

అంటే ఇంతమ్మా, ఒక మనిషి వెనక కూచున్నవాడు ముందున్నవాడి చేతుల్ని నమ్మి కూచుంటాడు. అలా ఏళ్ళ తరబడి నమ్మినవాడి ఎదురుగా ఆ చేతులు కోడిలా కొట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

నేను బండి పాడైందని చెప్పొచ్చు. చెప్పమన్నాడుగా. కానీ నా తెలివి ఊరుకుంటేగా. "దిగులు పడకు బావా, లోపల సరిచేశాను, ఇక వణుకు అందదు బండికి" అన్నాను. ఏమీ సరిచెయ్యలేదు. పాడైన పాత రిమోటులోంచి బ్యాటరీలు తీసేశాను. దాని దీపం వెలగకపోతే అనుమానం వస్తుందని దీపం మీద నల్ల టేపు ముక్క అంటించాను. "దీపం కళ్ళలో పడుతోంది, అందుకే" అని చెబుదామని మాట కూడా సిద్ధం చేసుకున్నాను. అబద్ధానికి అస్తరు కూడా కుట్టాను చూడు. కుట్టుమిషన్ల మధ్య బతికినవాణ్ణి కదా.

ఆదివారం మధ్యాహ్నం నువ్వు డ్యూటీలో ఉన్నావు, అందుకే వివరంగా చెబుతున్నాను. హాల్లో బల్ల పక్కకి జరిపాము. బావ కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో ఉత్త రిమోటు. గన్నరు ఎదురుగా సోఫాలో, టీ కప్పు కింద పెట్టుకుని. బావ కూతురూ అల్లుడూ తలుపు దగ్గర. నేను బావ పక్కన కొంచెం వెనగ్గా ముక్కాలిపీట మీద, అప్పుడే స్నానం చేసొచ్చినవాడిలా ఒళ్ళో టవలు. టవలు కింద అసలు రిమోటు.

మొదట బావ బొటనవేళ్ళే చూశాను. ఆయన ఎటు తోస్తే నేనూ అటే. ఆయన వణుకుని వడకట్టేసి మిగిలినది బండికి అందిస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. గొప్ప మాటలా ఉంది కదూ. బండి బల్ల కిందనుంచి సాఫీగా బయటికొచ్చింది.

"ఒరేయ్! చేతులు పోయాయన్నావే! ఎక్కడ పోయాయిరా!" అని గన్నరు అరిచాడు.

బావ మొహం చూడాల్సింది. నేను పెళ్ళికి ముందు చూసిన మొహం అది. నడుం నిటారుగా అయింది. ఆయన నిజంగానే తను నడుపుతున్నాననుకుంటున్నాడు. "చూస్తూండు, గట్టు ఎక్కిస్తా" అన్నాడు. గట్టంటే నేల మీద పరిచిన రెండు పుస్తకాలు.

ఇక్కడే, అమ్మా. ఇక్కడ నేను బావ వేళ్ళ మీంచి కళ్ళు తీసేశాను. బండి ముక్కు పైకి లేచి, పుస్తకం అంచు మీద ఒక్క క్షణం ఊగి, అవతలికి వాలింది. దాంతోపాటు నేనూ వాలాను. చక్రాలన్నీ ఒక్కొక్కటే దిగాయి. నేను చేసిన ఇత్తడి చేతులు, నేను గుచ్చిన తీగలు. అవతలికి దిగాక నేను బావని మర్చిపోయాను. మోసం చేస్తున్నానన్న సంగతి కూడా మర్చిపోయాను. ఆడుకుంటున్నాను. ఇన్నేళ్ళూ సూదీ సూదీ అన్నావు కదా, ఇప్పుడు చూడు అని లోపల ఎవడో అంటున్నాడు.

బండి గన్నరు టీ కప్పు మీదకి పోతోంది. ఆయన పాత రోజుల్లో ట్యాంకు పైన నిలబడే ఆఫీసరు గొంతు పెట్టి, సరదాకి, "ఆపు!" అని అరిచాడు. ట్యాంకులో డ్రైవరుకి బయట ఏమీ సరిగ్గా కనపడదట. ఆపు అంటే ఆపడమే, ఎందుకని అడగడం ఉండదు. బావ మాట పూర్తికాకముందే వేళ్ళు వదిలేసి, రెండు చేతులూ పైకెత్తాడు, ఆపేశాను చూడు అన్నట్టు.

బండి ఆగలేదు.

నేను విననే లేదు. కప్పుని తప్పించి, గన్నరు బూటు చుట్టూ ముచ్చటగా ఒక చుట్టు తిప్పాను. బాగా వచ్చిందని రెండో చుట్టు కూడా తిప్పాను. గదిలో చప్పుడు లేదేమిటా అని తలెత్తితే, బావ చేతులు ఇంకా పైనే ఉన్నాయి. అందరూ నా ఒళ్ళో కదులుతున్న టవలు వంక చూస్తున్నారు.

అల్లుడు ఫక్కున నవ్వాడు. కూతురు ఆయన్ని మోచేత్తో పొడిచింది. మీ నానమ్మ వంటింట్లోంచి వచ్చి నా ఒళ్ళో టవలు లాగేసింది. ఆ రిమోటు పచ్చ దీపంతో అందరికీ కనపడింది.

బావ తన రిమోటు తిప్పి చూశాడు. నల్ల టేపు గోటితో పీకాడు. వెనక మూత తీశాడు. బ్యాటరీలు ఉండాల్సిన చోట ఖాళీ. మళ్ళీ మూత పెట్టడం మొదలుపెట్టాడు. చేతులు వణుకుతూ మూత గాడిలో పడటం లేదు. పడటం లేదు, మళ్ళీ పెడుతున్నాడు, పడటం లేదు. చెయ్యి చాస్తే నాకందుతుంది ఆ మూత. చాచలేదు. ఏ మొహం పెట్టుకుని చాస్తాను? పడ్డాక, రిమోటు కిటికీ గట్టు మీద పెట్టి గన్నరుతో అన్నాడు.

"మా బావ బాగా నడుపుతాడు."

ఎడమ చెవి వైపు నుంచి అన్నాడు. గన్నరుకి వినపడలేదు. "ఏంటీ?" అన్నాడు.

బావ గొంతు పెంచి ఇంటిల్లిపాదీ వినేలా మళ్ళీ చెప్పాల్సొచ్చింది. "నేను కాదురా నడిపింది. మా బావ. బాగా నడుపుతాడు."

తిడితే బాగుండేది, అమ్మా. ఇన్నేళ్ళలో ఆయన నా పనిని పొగిడింది ఆ ఒక్కసారే.

సాయంత్రానికి ప్రయాణం కట్టాడు. గచ్చు ఇంకా ఆరలేదని కూతురు అంటున్నా వినలేదు, గన్నరుతో సహా వాళ్ళింటికే బయల్దేరాడు. ట్యాంకు బల్ల కిందే వదిలేశాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను గానీ తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను. తల దించుకుంటే ఏం కనపడుతుంది? ఆయన చెయ్యి కనపడింది. సూట్‌కేసు పట్టుకున్న చెయ్యి. నిండా బట్టలున్న బరువైన సూట్‌కేసు. ఆ చెయ్యి వణకడం లేదు.

అప్పుడు నాకేమీ తోచలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

తర్వాత మీ నానమ్మ నాతో మాటలు మానేసింది. నీకు తెలుసుగా, నీ ద్వారానే కబుర్లు. "అడగవే మీ తాతని, అన్నం తింటాడా, ఆడుకుంటాడా." నీకు నవ్వొచ్చింది. నాకు మాత్రం ఆ మాట చెంప మీద పడినట్టయింది. ఆమె తప్పేం లేదు. తన అన్నని తన ఇంట్లో, తన మొగుడే నవ్వులపాలు చేశాడు. ఆమె ఎవరి వైపు నిలబడాలి? పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

నాకు నిద్రలోనూ ఆ మూతే. గాడిలో పడని ఆ మూత. దాన్ని తోసేద్దామనుకుంటే ఆ సూట్‌కేసు చెయ్యి వచ్చేది. ఒకరోజు పొద్దున్నే పాత కుట్టుమిషను ఒకటి జరుపుతూ దాని బరువు చేతికి తగిలాక తట్టింది. తేలికైనది పట్టుకుంటేనే బావ చెయ్యి వణుకుతోంది. బరువు పడితే కుదురుగా ఉంటోంది. గ్లాసు తేలిక, రిమోటు మూత తేలిక, రిమోటు పుల్లలు మరీ ఈకలు. ఆయన మొదటిరోజే చెప్పాడు కదా, వేలితో కాదు, భుజంతో లాగాలని. వంక పెడుతున్నాడనుకున్నాను. ఆయన తనకి కావలసింది చెప్పాడు. నేను వినలేదు. గన్నరుకి ఒక చెవే పోయింది, నాకు రెండూ పోయాయి.

తొక్కుడు మిషను సొరుగు తీసుకున్నాను, గట్టి చెక్క. తొక్కుడు కడ్డీలు రెండు కోసి లివర్లు చేశాను, మోచెయ్యంత పొడుగు, పిడికిలి పట్టేలా పైన చెక్క పిడి. ఊరికే కదిలిపోకుండా మిషను బెల్టు తోలు ముక్కలు బిగించి రాపిడి పెట్టాను. వదిలితే లివరు వెనక్కి వచ్చేలా మొదట పెట్టిన స్ప్రింగులు చాలలేదు, సన్నటివి. మళ్ళీ విప్పి, మందపువి వేశాను. లాగితే భుజం తెలియాలి, అంత. సొరుగు లోపల అసలు రిమోటు బోల్టులు వేసి బిగించేశాను. దాని పుల్లల నుంచి లివర్లకి సైకిలు చక్రం చువ్వలు కలిపాను. ముందుకు తోస్తే నడుస్తుంది, ఎడమది లాగితే ఎడమకి, కుడిది లాగితే కుడికి. పాత రిమోటు, ఆ టేపు అంటించినది, ముక్కలు చేసి దాని మరలు ఈ పెట్టెకే వాడాను. ఇప్పుడు మనింట్లో టవలు కింద పట్టేది ఏదీ లేదు. ఈ సొరుగు ఎవరి ఒళ్ళోనూ దాగదు. నడిపేవాడు అందరికీ కనపడాల్సిందే.

నడిచిందా అని అడుగుతావు. ట్యాంకుని చెక్క దిమ్మ మీద, చక్రాలు గాల్లో ఉండేలా పెట్టి చూశాను. లివర్లు ముందుకు తోసి రెండు చేతులూ పైకెత్తాను. చక్రాలు ఆగాయి. అదొక్కటే మళ్ళీ మళ్ళీ చూశాను. చేతులు వదిలితే బండి ఆగాలి. నేల మీద మాత్రం నడపలేదు. చెయ్యి పీకింది, అబద్ధమెందుకు. పుస్తకాలు కూడా అక్కడే ఉన్నాయి. నడపలేదు. తేడా వస్తే బావ చేతిలోనే రానీ, ఆయన తిట్టనీ, అప్పుడు మళ్ళీ విప్పుతాను.

వణుకంతా పోతుందని నేను చెప్పను. పోకపోవచ్చు. ఇదివరకు ఒకసారి పోయిందని చెప్పి ఏం చేశానో చూశావుగా.

మీ నానమ్మ ఇంకా నాతో మాట్లాడలేదు గానీ, పొద్దున ఆ లివర్ల పిడులకి చుట్టమని పాత దుప్పటి గుడ్డ తెచ్చి నా పక్కన పడేసింది. "చేతులు ఒరుసుకుపోతాయి అన్నయ్యకి" అని గోడతో అంది. చుట్టాను.

సరే, రేపు నువ్వు అటే డ్యూటీకి వెళ్తున్నావు కదా. ట్యాంకూ ఈ లివర్ల పెట్టే రెండూ తీసుకెళ్ళు. పైన బట్ట కప్పకు. బావని మనింటికి రమ్మని అడగకు, నన్ను క్షమించమని కూడా అనకు. ఆ రెండూ ఆయన ఇష్టం. నేను రాకపోవడం ఎందుకంటే, నేను రెండు మాటలు కూడబలుక్కునేలోపు ఆయన పది అంటాడు, నేను మళ్ళీ ఏదో వేళాకోళం ఆడి తప్పించుకుంటాను. అది నాకు బాగా వచ్చు. రాసినదైతే తప్పించుకోదు.

ఇది బావకి చదివి వినిపించు. ఒక్కడూ ఉన్నప్పుడు కాదు. గన్నరు ఇంకా అక్కడే ఉన్నాడట, ఆయన్ని కూడా కూచోబెట్టి చదువు. ఆయన ఎదురుగానే కదా నేను ఆ పని చేసింది. చేతకానివాడికి ఆయుధాల మీద వంక అనుకున్నానని రాశావే, ఆ ముక్క మింగెయ్యకు. గట్టిగా చదువు. కుడి చెవి వైపు కూచో, అమ్మా. ఎడమ వైపు కూచుంటే మళ్ళీ "ఏంటీ?" అంటాడు. ఆ మాట బావ చేత రెండుసార్లు చెప్పించాను, నా మాటైనా ఒక్కసారికే వినపడాలి.